ఇంటర్ సెకండియర్ బాబు ప్రేమ విషయం బయటపడింది, టెస్టుల్లో మార్కులు పడిపోయాయి... అమ్మాయి వాళ్ళింట్లో చెప్పాలా వద్దా?

సత్తెనపల్లి_అమ్మ (ఆదివారం, రాత్రి 9:52)

అందరికీ నమస్తే అండి. ఇక్కడ పిల్లల చదువుల గురించి చాలామంది రాస్తుంటారు కదా అని నేనూ అడుగుతున్నా, పేర్లు మాత్రం చెప్పను. మా బాబు సీనియర్ ఇంటర్ ఎంపీసీ, గుంటూరులో మా చెల్లెలి ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్తాడు. ఫస్టియర్‌లో 470కి 451 వచ్చినయ్. ఈ ఏడాది మొదట్లో కూడా వీకెండ్ టెస్టుల్లో సెక్షన్లో ముందు వరసలోనే ఉండేవాడు, దసరా సెలవల తర్వాత చూస్తే మార్కులు సగానికి వచ్చాయి, కాలేజీ వాళ్ళు కింద సెక్షన్‌కి మార్చేశారు. ఏందిరా అంటే ఏం లేదమ్మా తలనొప్పి అంటాడు. మొన్న మా ఆయన ఫోన్ తీసి చూస్తే బైపీసీ చదివే అమ్మాయితో మెసేజులు, రాత్రి రెండింటి దాకా. చెడ్డగా ఏమీ లేవండి, తిన్నావా, నిన్న ఎందుకు మాట్లాడలేదు, ఆన్‌లైన్‌లో ఉండి కూడా ఎందుకు రిప్లై ఇవ్వలేదు, ఇవే. మా ఆయన ఫోన్ లాగేసుకున్నాడు, పిల్లాడు అన్నం సరిగా తినట్లేదు, నాతో తప్ప ఎవరితో మాట్లాడట్లేదు. ఇప్పుడు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్తానంటున్నాడు. నేను రెండ్రోజులు ఆగమన్నా. జనవరిలో జేఈఈ మెయిన్ ఉంది, మార్చిలో ఇంటర్ పరీక్షలు. చెప్పాలా వద్దా, చెప్తే చదువు మళ్ళీ దారిలో పడుద్దా? దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కరీంనగర్_నాన్న (ఆదివారం, రాత్రి 10:15)

అక్కా ఇండ్ల ఆలోచించుడేమున్నది, చెప్పుండ్రి. ఆ పిల్ల అమ్మానాయినకు గూడ తెల్వాలె గద, వాళ్ళు గూడ లక్షలు ఫీజులు కడ్తున్నరు. ఇద్దరు పిల్లలు, ఇద్దరి భవిష్యత్తు. రెండు దిక్కుల గట్టిగ చెప్తే నెల రోజులు ఏడుస్తరు, తర్వాత మర్చిపోతరు. ఫోన్ ఇయ్యకుండ్రి, కుదిర్తే హాస్టల్ల ఎయ్యిండ్రి, ఆడ పొద్దుగాల అయిదింటికి లేపితే రాత్రి పదింటి దాక స్టడీ అవర్లే, వేరే ముచ్చటకు టైమే ఉండది. మా పెద్దోన్ని గట్లనే చేసినం, ఇప్పుడు ఇంజినీరింగ్ చేస్తుండు.

బైపీసీ_హన్మకొండ (ఆదివారం, రాత్రి 10:41)

అంకుల్ ప్లీజ్ అట్ల చెప్పకండి. ఆంటీ, నాకు 17, నేను కూడా సెకండియర్ బైపీసీనే, నీట్‌కి ప్రిపేర్ అవుతున్నా. అబ్బాయి వాళ్ళ ఇంట్లో తెలిస్తే తిడ్తారు, కొడ్తారు, ఫోన్ గుంజుకుంటారు, అంతే. అమ్మాయి ఇంట్లో తెలిస్తే ఏమైతదో మీకూ తెలుసు. మా క్లాస్‌లో ఒక అమ్మాయి ఇంటికి ఇట్లనే ఎవరో ఫోన్ చేసి చెప్పిన్రు, మర్నాటి నుంచి కాలేజీకి రాలే. మాకంటే మంచిగ చదివేది. ప్రాక్టికల్ రికార్డు కూడా పూర్తి చెయ్యనీయలే, సంక్రాంతి దాటినంక సంబంధాలు చూస్తున్నరని తెలిసింది. ఆ అబ్బాయి మాత్రం మంచిగ పరీక్షలు రాసిండు. మీ బాబు మార్కులు పెరగాలని ఇంకో అమ్మాయి చదువు మొత్తం ఆపేస్తారా ఆంటీ? మీరు ఆగమన్నందుకే థ్యాంక్స్ చెప్పాలనిపించి రాస్తున్నా.

ఇంకోటి, అసలు క్లాస్‌లో ఏమవుతదో పెద్దోళ్ళకు ఎవరూ సరిగా చెప్పరు. మేము రోజంతా వాళ్ళ గురించే కలలు కంటూ కూర్చోము. అంతా మంచిగ ఉన్న రోజు చదువు మంచిగనే సాగుతది, ఇంకా ఉత్సాహంగ చదువుతం. గొడవైన రోజే పోతది. పొద్దున ఏదో ఒక మాట అని వెళ్ళిపోతారు, ఇగ సాయంత్రం ఫోన్ చేతికొచ్చే దాక అదే తిరుగుతది బుర్రలో, ఎందుకన్నడు, నేనేమన్న, కోపమా, వేరే ఎవరన్న ఉన్నరా. సార్ బోర్డు మీద మొత్తం ఫొటోసింథసిస్ చెప్పేస్తారు, నోట్సు నా చేతి రాతలోనే ఉంటది, కానీ ఒక్క ముక్క గుర్తుండది.

సీనియర్_ఫిజిక్స్ (ఆదివారం, రాత్రి 11:20)

అమ్మా, నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, చాలా ఏళ్ళుగా. హన్మకొండ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం, మేం దాన్ని ఆన్సర్ షీట్లలో చూస్తాం. ఇలాంటి పిల్లల పేపర్లలో ముందు పోయేవి తేలిక ప్రశ్నలు. కష్టమైన లెక్క వస్తే పెన్ను గట్టిగా పట్టుకుని దాని మీదే కూర్చుంటాడు, చేసేస్తాడు కూడా. తేలికది వచ్చినప్పుడే మనసు పక్కకి పోతుంది. మైనస్ గుర్తు మర్చిపోవడం, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చకపోవడం, "సరికానిది ఏది" అని అడిగితే సరైనదానికి టిక్ పెట్టి రావడం. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకి 4, తప్పుకి మైనస్ 1, అంటే వచ్చిన లెక్క తప్పు పెడితే 5 మార్కులు తేడా. 75 ప్రశ్నల్లో ఇలాంటివి ఎనిమిది పడితే 40 మార్కులు, అక్కడ ర్యాంకు ఎక్కడి నుంచి ఎక్కడికో పోతుంది. పిల్లాడికి సబ్జెక్టు రాక కాదు, అందుకే వాడికి కూడా అర్థం కాదు ఎందుకు తగ్గాయో, తలనొప్పి అంటాడు.

రెండో సంగతి. పోయిన చదువు అన్ని చాప్టర్లలో సమానంగా పోదు. ఏ వారాల్లో మనసు బాగోలేదో ఆ వారాల్లో చెప్పిన చాప్టర్లే పోతాయి. మేథ్స్‌లో ఇంటిగ్రేషన్ చెప్పే రోజుల్లో పోయిందనుకోండి, దాని వెనకాల డెఫినిట్ ఇంటిగ్రల్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కూడా రావు, ఆ తర్వాత పిల్లాడు బుద్ధిగా కూర్చున్నా సరే రావు, ఎందుకంటే కింద పునాది లేదు. అందుకని ముందు ర్యాంక్ షీట్లన్నీ తేదీల వారీగా పెట్టి చూడండి. ఎప్పుడు మొదలైంది, ఏ సబ్జెక్టులో మొదలైంది.

ఇంకా ముఖ్యమైంది ఒకటుంది. ముందు మార్కులు తగ్గి తర్వాత ప్రేమ వచ్చిందా, ప్రేమ వచ్చాక మార్కులు తగ్గాయా? నేను చూసిన పిల్లల్లో చాలామంది మొదటి రకమే. సెక్షన్లో వెనకపడతాడు, లెక్చరర్ పేరు పెట్టి పిలవడం మానేస్తాడు, ఇంట్లో ర్యాంకు తప్ప ఇంకో మాట ఉండదు, అప్పుడు ఎవరో ఒకళ్ళు "నువ్వు ఎలా ఉన్నావు" అని అడుగుతారు. 17 ఏళ్ళ పిల్లాడు అటు వెళ్ళకుండా ఎలా ఉంటాడు? అలాంటి వాడి నుంచి ఆ అమ్మాయిని తీసేస్తే మార్కులు రావు, ఉన్న ఒక్క ఆసరా కూడా పోతుంది.

రాజాం_కౌన్సెలర్ (సోమవారం, ఉదయం 7:05)

నేను పిల్లల కౌన్సెలింగ్ చేస్తానండి, సైకాలజీ చదువుకున్నాను. ఇది క్రమశిక్షణ లేకపోవడం అనుకుంటారు గానీ మెదడులో జరిగే పని కొంత ఉంది, అది తెలిస్తే పిల్లాడి మీద కోపం కొంచెం తగ్గుతుంది.

2005లో అమెరికాలో హెలెన్ ఫిషర్, ఆవిడతో పనిచేసేవాళ్ళు కొత్తగా గాఢంగా ప్రేమలో ఉన్న 17 మందికి వాళ్ళు ప్రేమించేవాళ్ళ ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ చేశారు. డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా ఉండే భాగాలు, అంటే ఏదైనా కావాలి కావాలి అనిపించి దానికోసం పరిగెత్తించే భాగాలు చురుగ్గా కనపడ్డాయి. 2010లో మళ్ళీ బ్రేకప్ అయినవాళ్ళకి అదే చేస్తే, వదిలేసిన మనిషి ఫొటో చూసినా ఆ భాగాలే చురుగ్గా ఉన్నాయి. అంటే మనిషి దూరమైతే ఆ కోరిక ఆగిపోదు, దొరకనందుకు ఇంకా లాగుతుంది. కరీంనగర్ సార్, అందుకే ఫోన్ లాక్కున్న మర్నాడే పిల్లాడు పుస్తకం మీదకి రాడు.

నెదర్లాండ్స్‌లో లైడెన్ యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా ప్రేమలో పడ్డ 43 మంది యువతీయువకులకి ఏకాగ్రత పరీక్షలు పెట్టారు, అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టి కావాల్సింది మాత్రమే చూడాలి, అలాంటివి. ప్రేమ ఎంత గాఢంగా ఉంటే అంతగా ఆ పని కష్టమైంది. వాళ్ళు పెద్దవాళ్ళు, ఇంటర్ పిల్లలు కారు. పదహారు పదిహేడేళ్ళ వాళ్ళకి మనసుని వెనక్కి లాగే ముందరి మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది, అది ఇరవై దాటాక గానీ పూర్తవదు.

ఇక నిద్ర. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు కావాలి. అసలు ఈ వయసులో నిద్ర వచ్చే టైమే ఆలస్యమవుతుంది, పైగా రెండింటి దాకా మెసేజులు, పొద్దున్నే ఆరున్నరకి బస్సు. పగలు చదివింది మెదడులో నిలబడేది రాత్రి నిద్రలోనే. నిద్ర నాలుగు గంటలకి దిగితే ప్రేమ ఉన్నా లేకపోయినా మార్కులు పడతాయి. మీ బాబు విషయంలో నేను ముందు పట్టుకునేది ఇదే అమ్మా, మెసేజులో ఏముందనే దానికంటే అది ఎన్నింటికి వెళ్ళింది అనేది.

టెక్సాస్_తెలుగు (సోమవారం, ఉదయం 8:30)

మేం డల్లాస్ దగ్గర ఉంటాం, ఇక్కడ హైస్కూల్లో డేటింగ్ మామూలే అని అక్కడ అందరూ అనుకుంటారు, మా అమ్మాయి టెన్త్ గ్రేడ్ కాబట్టి నేనూ ఈ విషయం మీద చాలా చదివాను. జార్జియా యూనివర్సిటీలో పమేలా ఓర్పినాస్ అనే ప్రొఫెసర్ 624 మంది పిల్లల్ని ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా గమనించారు, 2013లో వచ్చింది. మిడిల్ స్కూల్లోనే డేటింగ్ మొదలుపెట్టి ఆపకుండా కొనసాగించిన వాళ్ళకి టీచర్లిచ్చిన చదువు అలవాట్ల స్కోరు తక్కువ ఉంది, స్కూలు మానేసే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువ. 2019లో అదే యూనివర్సిటీ నుంచి ఇంకోటి వచ్చింది, టెన్త్ గ్రేడ్ పిల్లల మీద, డేటింగ్ చెయ్యని పిల్లలు కలుపుగోలుతనంలో టీచర్ల లెక్క ప్రకారం ఏం వెనకబడలేదు, డిప్రెషన్ లక్షణాలు కూడా తక్కువే. అంటే ఎవరూ లేకపోతే ఏదో లోటు అని పిల్లలు అనుకునేది కూడా కరెక్ట్ కాదు. ఇది మా అమ్మాయికి చూపించా, చాలా రిలీఫ్‌గా ఫీలైంది, ఎందుకంటే ఫ్రెండ్స్ అందరికీ ఉన్నారు తనకి లేరని బాధ.

ఇంకో పక్కన ఒహాయోలో పెగ్గీ జోర్డానో వాళ్ళు చేసిన దాంట్లో అవతలి వ్యక్తి బాగా చదివేవాళ్ళైతే వీళ్ళ గ్రేడ్లు కూడా బాగుండటం కనిపించింది. కాబట్టి అందరికీ ఒకే లెక్క కాదు. ఎంత చిన్న వయసులో మొదలైంది, ఎవరితో, ఎన్ని గొడవలతో, ఇవన్నీ ఉంటాయి.

కరీంనగర్_నాన్న (సోమవారం, మధ్యాహ్నం 1:10)

అమెరికా లెక్కలు అమెరికావి సార్. ఆడ పిల్లలు ఇంట్ల చెప్పి తిరుగుతరు, ఈడ దాచి తిరుగుతరు. ఈడ కులం ఉన్నది, ఊరున్నది, పంచాయితీలున్నయ్. భయపడుడు తల్లిదండ్రుల తప్పా? రెండేండ్లు గట్టిగ చదువుకుంటే జీవితం సెట్ అయితది, గా రెండేండ్లు ఆగుమంటున్నం, జీవితాంతం వద్దంటలేం గద.

రాజాం_కౌన్సెలర్ (సోమవారం, మధ్యాహ్నం 2:02)

సార్ మీ భయం తప్పనలేదు, నా దగ్గరకొచ్చే ప్రతి తండ్రీ అదే భయంతో వస్తారు. కానీ మీరన్న మాటలోనే అసలు సంగతి ఉంది, ఇక్కడ దాచి తిరుగుతారు. దాచడానికి చాలా శక్తి కావాలండి. ఫోన్‌కి రెండు లాకులు, అమ్మాయి నంబరు వేరే పేరుతో సేవ్ చేసుకోవడం, ఎవరు చూశారు, ఎవరు చెప్తారు, ట్యూషన్‌కి లేటైతే ఇంట్లో ఏం చెప్పాలి. ఒక పిల్లాడు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు బుర్రలో ఇవన్నీ నడుస్తూ ఉంటాయి. ప్రేమకి పోయే ధ్యాస కంటే దాచడానికి పోయేది ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో ఒక్కళ్ళకైనా తెలిసి, వాళ్ళు అరవకుండా ఉంటే ఆ బరువు సగం దిగుతుంది. ఒప్పుకోమని కాదు, తెలిసి ఉండమని. రెండేళ్ళు ఆగు అనే మాట కూడా పిల్లలు వింటారు, చెప్పేవాళ్ళతో మాట్లాడే అలవాటుంటే.

మాజీ_హాస్టలర్ (సోమవారం, రాత్రి 9:18)

నాకు 24, ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్. హాస్టల్లో వేస్తే టైమ్ ఉండదు అన్నారు కదా అన్నా, నేను రెండేళ్ళు హాస్టల్లోనే ఉన్నా. బాయ్స్ క్యాంపస్ వేరు, గర్ల్స్ క్యాంపస్ వేరు, ఫోన్ లేదు, నెలకోసారి ఔటింగ్. అయినా అక్కడ ప్రేమలు లేవనుకోకండి. ఔటింగ్ రోజు మాట్లాడిన పది నిమిషాలు నెలంతా బుర్రలో తిరుగుతాయి, ఇంట్లో ఉండి రోజూ కనపడే అమ్మాయైతే ఇంత ఆలోచించరేమో. స్టడీ అవర్లో పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ మాత్రం తిరగదు, ఇన్‌ఛార్జి వచ్చినప్పుడు తిప్పుతారు.

సెకండియర్ జనవరిలో నాకు బ్రేకప్ అయింది, ఒక ఫ్రెండ్ ద్వారా చీటీ వచ్చింది, ఇక మాట్లాడొద్దని. మా రూమ్‌లో నలుగురం, ఎవరికీ చెప్పలేదు, రాత్రిళ్ళు బాత్రూమ్‌లో కూర్చునేవాణ్ణి. ఫ్లోర్ వార్డెన్ గారు గమనించారు, ఆయన పెద్దగా చదువుకోలేదు కూడా, ఒకరోజు టీకి తీసుకెళ్ళి ఏమైంది నాన్నా అన్నారు. అంతా విన్నారు. ఒక్క సలహా ఇవ్వలేదు, రోజూ భోజనం దగ్గర పక్కన కూర్చునేవారు. నేను పరీక్షలు రాయగలిగానంటే అందువల్లే. సత్తెనపల్లి ఆంటీ, బాబు అన్నం తినట్లేదు అన్నారు, మీరు ఆ అమ్మాయి గురించి ఎత్తకపోయినా పర్లేదు, పక్కన కూర్చుని తినండి.

కర్నూలు_లాయర్ (సోమవారం, రాత్రి 10:04)

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, చాలామందికి తెలీదు. 2012లో పోక్సో చట్టం, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం వచ్చాక 18 నిండనివాళ్ళ విషయంలో వాళ్ళ ఇష్టం అనేదానికి చట్టం దృష్టిలో విలువ లేదు. మామూలు మెసేజులు, మాటలు నేరం కాదు, కానీ అంతకు మించి ఏదైనా జరిగితే, లేదా జరిగిందని అమ్మాయి తరఫువాళ్ళు కోపంలో ఫిర్యాదు చేస్తే, అబ్బాయి కూడా మైనరైనా సరే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాలి. రెండు ఇళ్ళ మధ్య గొడవ పెట్టుకునే ముందు ఇది ఆలోచించండి. మీరు చేసే ఒక్క ఫోన్ కాల్ చివరికి స్టేషన్ దాకా పోవచ్చు, అప్పుడు జేఈఈ ఎక్కడ, ఇంటర్ ఎక్కడ. 2023 సెప్టెంబరులో లా కమిషన్ తన 283వ నివేదికలో ఈ వయసు తగ్గించొద్దనే చెప్పింది, 16 నుంచి 18 మధ్య వాళ్ళ కేసుల్లో జడ్జి పరిస్థితిని బట్టి శిక్ష విషయం చూసే వీలుండాలని సూచించింది, అంతే.

ఇంకో మాట, పిల్లలిద్దరికీ విడివిడిగానైనా చెప్పాల్సింది, అసభ్యమైన ఫొటోలు అడగొద్దు, పంపొద్దు, దాచుకోవద్దు. మైనర్ల విషయంలో అది ఐటీ చట్టం 67బి కింద నేరం, మేం ఇష్టపడి పంపుకున్నాం అంటే కుదరదు. ఎవరైనా ఫొటోలు పెట్టుకుని బెదిరిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు.

సత్తెనపల్లి_అమ్మ (మంగళవారం, రాత్రి 8:47)

అందరూ ఇంత టైమ్ తీసుకుని రాసినందుకు చాలా థ్యాంక్స్ అండి. హన్మకొండ అమ్మాయీ, నీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను తల్లీ. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ నంబరు నాకిచ్చేశాడు, చెయ్యనులే అన్నాడు. మాకూ ఒక ఆడపిల్ల ఉంది, ఎనిమిదో తరగతి.

మాస్టారు గారూ మీరు చెప్పినట్టు ర్యాంక్ షీట్లన్నీ తీసి వరసగా పెట్టాం. మేం దసరా తర్వాత అనుకున్నాం గానీ ఆగస్టు రెండో వారం నుంచే మేథ్స్ తగ్గుతూ ఉంది, ఫిజిక్స్ సెప్టెంబరులో. మెసేజులు మొదలైంది సెప్టెంబరు చివర. బాబుని అడిగితే అప్పుడు చెప్పాడు, ఆగస్టులో వాళ్ళ మేథ్స్ సార్ మారారంట, కొత్త సార్ స్పీడు అందలేదంట, డౌట్ అడిగితే పై సెక్షన్లో ఉండి ఇది కూడా రాదా అన్నారంట అందరి ముందు. అప్పట్నుంచి అడగడం మానేశాడు. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు, ఆ అమ్మాయికి చెప్పుకున్నాడంట, ట్యూషన్ బస్సులో పరిచయం.

ఇప్పుడు ఏం చెయ్యాలో ఇంకొంచెం చెప్పండి. ఫోన్ ఇవ్వాలా? మాట్లాడుకోవద్దు అనాలా? జనవరికి టైమ్ సరిపోద్దా?

సీనియర్_ఫిజిక్స్ (మంగళవారం, రాత్రి 9:33)

చూశారా అమ్మా. ఇది ముందు మేథ్స్ సమస్య, దాని మీద నిద్ర సమస్య, ఆ పైన ప్రేమ. కింద నుంచి మొదలుపెట్టండి.

జనవరి సెషన్ ఒక్కటే అని భయపడొద్దు, ఏప్రిల్‌లో రెండో సెషన్ ఉంది, రెండింట్లో ఏది ఎక్కువైతే అదే తీసుకుంటారు. జనవరిది రాయించండి, ఆశలు మాత్రం ఏప్రిల్ మీద పెట్టుకోండి. మీది ఆంధ్ర కాబట్టి ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో 2023 నుంచి తీసేశారు. ఎన్ఐటీలకి కూడా ఇంటర్‌లో 75 శాతం అడుగుతారు. ఫస్టియర్ 451 చేతిలో ఉంది, అది చాలా పెద్ద బలం. కాబట్టి ఫిబ్రవరి, మార్చి బోర్డు చదువుకే ఇచ్చి, ఆగస్టు నుంచి చెప్పిన మేథ్స్ చాప్టర్లని డిసెంబరులో మళ్ళీ మొదటి నుంచి చేయించండి. రోజుకి గంటన్నర, కొత్త లెక్కలొద్దు, టెక్స్ట్‌బుక్ సాల్వ్‌డ్ ఎగ్జాంపుల్స్ మాత్రమే. రానిది రాసుకోవడానికి ఒక ఎర్రర్ నోట్‌బుక్. పిల్లాడికి మొదటి వారంలోనే నాకొస్తోంది అనిపించాలి, అదొస్తే సగం పని అయిపోయినట్టే. వాడి మేథ్స్ సార్ దగ్గరకి మీ ఆయన్ని వెళ్ళమనండి, పోట్లాటకి కాదు, వారానికి రెండుసార్లు స్టాఫ్ రూమ్‌లో డౌట్స్ చెప్పమని అడగడానికి. ప్రేమ సంగతి కాలేజీలో ఎత్తొద్దు, అక్కడ ఎత్తితే సాయంత్రానికి క్యాంపస్ అంతా తెలుస్తుంది.

రాజాం_కౌన్సెలర్ (మంగళవారం, రాత్రి 10:20)

ఫోన్ తిరిగి ఇవ్వండి, రాత్రి మాత్రం వద్దు. పదిన్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టాలి, మీ చెల్లెలివీ, మరిదిగారివీ కూడా, అప్పుడే అది శిక్షలా ఉండదు. పొద్దున లేపడానికి ఫోన్ అలారం అంటాడు, గడియారం కొనివ్వండి. చదివేటప్పుడు కూడా ఫోన్ వేరే గదిలో ఉంటే మంచిది, సైలెంట్‌లో టేబుల్ మీద ఉన్నా మనసు అటే ఉంటుంది.

మాట్లాడొద్దు అని ఆర్డర్ వేస్తే వేరేవాళ్ళ ఫోన్ నుంచి మాట్లాడతాడు, మళ్ళీ దాచడం మొదలు. ఎప్పుడు మాట్లాడతావో నువ్వే చెప్పు అనండి. ఈ వయసు పిల్లలు తామే పెట్టుకున్న హద్దు ఎక్కువగా నిలబెట్టుకుంటారు. సాయంత్రం కాసేపు అన్నాడనుకోండి, మంచిదే, అప్పుడు పగలంతా రిప్లై కోసం చూడక్కర్లేదు. హన్మకొండ అమ్మాయి చెప్పింది కదా, గొడవ మధ్యలో ఆగిపోతేనే బుర్రలో తిరుగుతుంది. ఎప్పుడు మాట్లాడుకుంటారో తెలిస్తే అప్పటిదాకా పక్కన పెట్టడం కొంచెం సులువు.

ఒకటి మాత్రం జాగ్రత్తగా గమనించండి. తిండి, నిద్ర రెండు వారాలైనా దారికి రాకపోయినా, తన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నా, నేను లేకపోతే బాగుండు లాంటి మాట ఒక్కసారి అన్నా, వెనకాడకుండా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అడిగితే చెప్పుకుంటారు. అలాంటప్పుడు ఒంటరిగా వదలొద్దు, వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాబుకి కూడా ఆ నంబరు రాసివ్వండి.

కరీంనగర్_నాన్న (బుధవారం, ఉదయం 6:40)

అక్కా మంచిగయింది ఆగిన్రు. గా సార్ అందరి ముందట అన్న మాట చూడుండ్రి, పిల్లలు గవి మర్చిపోరు. ఫోన్లు హాల్ల పెట్టుడు మా ఇంట్ల గూడ షురూ చేస్తున్నం, చిన్నది టెన్త్ ఇప్పుడు.

బైపీసీ_హన్మకొండ (బుధవారం, రాత్రి 7:55)

ఆంటీ థ్యాంక్యూ, అంకుల్‌కి కూడా. ఇంకొక్కటే అడుగుతా. మీ బాబు దగ్గర ఫోన్ లేనప్పటి నుంచి ఆ అమ్మాయికి ఏమీ తెలిసుండదు కదా, రోజూ చూస్తుంటది, ఏమైందో అని. నన్ను వదిలేసిండా, వాళ్ళింట్లో కొట్టిన్రా, మా ఇంటికి ఎవరన్న వస్తరా అని. తనకి కూడా మేలో నీట్ ఉంది. ఏమైందో చెప్పమనండి, ఇకమీద ఎప్పుడు మాట్లాడతాడో కూడా చెప్పమనండి. ఆగుదాం అనుకున్నా సరే ఆ మాట చెప్పాలె. చెప్పకుండ మాయమైపోతే అది అన్నిటికంటే ఎక్కువ చదువు పాడు చేస్తది, నిజంగ.

సత్తెనపల్లి_అమ్మ (గురువారం, రాత్రి 9:10)

చెప్పించానమ్మా. నిన్న రాత్రి ఫోన్ ఇచ్చి నేను వంటింట్లోకి వెళ్ళిపోయా. తర్వాత వాడే వచ్చి చెప్పాడు, ఆ అమ్మాయి నాలుగు రోజులుగా కాలేజీకి వచ్చినా ఏం చదవలేదంట, భయంతో. ఇద్దరూ అనుకున్నారంట, ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఆదివారం సాయంత్రాలు మాత్రమే మాట్లాడుకుందామని. నిలబడుద్దో లేదో చూడాలి. మా ఆయనకి ఇది కూడా పూర్తిగా ఇష్టం లేదు, కానీ రాత్రి పదిన్నరకి అందరికంటే ముందు తన ఫోనే తెచ్చి హాల్లో పెట్టాడు. రేపు మేథ్స్ సార్‌ని కలవడానికి వెళ్తున్నాడు.

మాస్టారు గారూ, ఇండెఫినిట్ ఇంటిగ్రేషన్ నుంచి మొదలుపెట్టాలా లేక ఫస్టియర్ డిఫరెన్షియేషన్ ఒకసారి చూసుకోవాలా అని బాబు అడగమన్నాడు.

సీనియర్_ఫిజిక్స్ (గురువారం, రాత్రి 9:48)

డిఫరెన్షియేషన్ ఫార్ములాలు ఒక్కరోజు చూసుకోమనండి, రెండో రోజు నుంచి ఇంటిగ్రేషన్. సబ్‌స్టిట్యూషన్ మెథడ్ పూర్తిగా వచ్చేదాకా బై పార్ట్స్ జోలికి వెళ్ళొద్దు. చేసినవి ఫొటో తీసి ఇక్కడ పెట్టమనండి, నేను చూస్తాను.